సంఘ రిజిస్టరులోని పేర్లు



మన సంఘ వార్షికోత్సవం దగ్గరకు వచ్చింది. షామియానా, మైకుసెట్టు, భోజనాల లెక్కలు పెద్దలు చూసుకుంటున్నారు. ప్రసంగీకులుగా ఎవరిని పిలవాలి, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటోలు వేయాలి, శాలువాలు ఎవరెవరికి కప్పాలి అనే మాటలు కూడా నడుస్తున్నాయి. ఇవన్నీ అవసరమే, నేను కాదనను. అయితే వార్షికోత్సవం అంటే అసలు ఎవరి పండుగ? కట్టడానికి వయసు పెరిగిందని చేసే పండుగా? కాపరికి చేసే సన్మానమా? లేక ఇన్నేళ్లూ ఆ కట్టడంలో చాప పరచుకొని కూర్చున్నవారి పండుగా? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనే ఉంది. అందుకే ఈ వారం వాక్యధ్యానానికి బదులు మీకు ఒక చరిత్ర చెప్పాలనుకుంటున్నాను. అది ఒంగోలు సంఘం చరిత్ర. మన ప్రాంతంలోని ఎన్నో సంఘాలకు అది తల్లి సంఘం.

ముందుగా ఒక్క లేఖన భాగం జ్ఞాపకం చేసుకుందాం. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం మనలో చాలామంది త్వరగా చదివేసి పేజీ తిప్పేస్తారు. అందులో సిద్ధాంతం కనబడదు, పేర్లు మాత్రమే కనబడతాయి. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, మరియ, పెర్సిస్, రూఫు, అతని తల్లి. పౌలు వారిని ఊరికే పేర్లు పెట్టి వదిలేయలేదు. ఒకరు చాలా ప్రయాసపడ్డారని, ఒకరు తన కోసం ప్రాణం పణంగా పెట్టారని, ఒకరు తనకు కూడా తల్లిలాంటిదని ఒక్కొక్కరి గురించి ఒక్కో మాట రాశాడు. ఎపైనెటు అనే అతణ్ని ఆసియలో క్రీస్తుకు మొదటి పంట అన్నాడు. సువార్తను అంత లోతుగా వివరించిన పత్రిక చివరికి వచ్చేసరికి సంఘ సభ్యుల పట్టీ అయింది. సువార్త ఎక్కడికి వెళ్లినా చివరికి కొన్ని పేర్లుగా మిగులుతుంది. ఆ మాట మనసులో పెట్టుకొని ఒంగోలుకు వెళదాం.

మూసేద్దామనుకున్న మిషను

అమెరికా బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే, ఆయన భార్య 1835లో బోస్టను నుండి ఓడ ఎక్కి, 1836లో మన దేశం చేరారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. అప్పటినుండి ఏళ్లకేళ్లు పని చేసినా బాప్తిస్మం పొందినవారు వేళ్లమీద లెక్కపెట్టేటంత మందే. 1849లో లైమన్ జ్యూయెట్ గారు వచ్చారు. పరిస్థితి పెద్దగా మారలేదు.

అక్కడ అమెరికాలో మిషను సభలవారు లెక్కలు చూసుకున్నారు. ఇంత డబ్బు, ఇన్ని సంవత్సరాలు, ఇంతే ఫలితమా అని అడిగారు. ఈ తెలుగు మిషనును మూసేద్దాం అన్న మాట ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1848లో, 1853లో, మళ్లీ 1862లో. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో పటం మీద నెల్లూరును ఒంటరి నక్షత్రంగా చూపారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి "లోన్ స్టార్" అనే పద్యం రాశాడు. మరునాడు దాన్ని సభలో చదివినప్పుడు చాలామంది హృదయాలు కదిలాయి. మిషను నిలిచింది. మన మిషనుకు "లోన్ స్టార్ మిషను" అనే పేరు అలా వచ్చింది.

ఈ కథ మనం చాలా వార్షికోత్సవాలలో విన్నాం. అయితే ఒకటి గమనించండి. ఆ సభలో కూర్చున్నవారికి నెల్లూరు పటం మీద ఒక చుక్క. ఇక్కడున్న కొద్దిమంది తెలుగు విశ్వాసులకు మాత్రం అది చుక్క కాదు, వారు ప్రార్థించే చోటు. అక్కడివారు మూసేద్దామా, ఉంచుదామా అని చర్చిస్తున్నారు. ఇక్కడివారు ఆదివారం వచ్చినప్పుడల్లా లేచి ప్రార్థనకు వెళ్లారు. మిషనును నిలబెట్టినది ఆ పద్యం ఒక్కటే అనుకుంటే, మిగిలిన సగం చరిత్రను వదిలేసినట్టే.

కొండమీద ఐదుగురు

ఆ మిగిలిన సగం ఒంగోలులో కొండమీద కనబడుతుంది. 1853 చివరలో జ్యూయెట్ గారు, ఆయన భార్య కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి సువార్త ప్రయాణంలో ఒంగోలు వచ్చారు. 1854 జనవరి 1న, ఇంకా చీకటి ఉండగానే, ఐదుగురు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. జ్యూయెట్ దంపతులు ఇద్దరు. మిగిలిన ముగ్గురు తెలుగువారు: నరసు, జూలియా, రూతు. కొండమీద మోకరించి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. తెల్లవారాక కింద ఒంగోలు కనబడింది. నాగజెముడు పొదలతో నిండిన ఒక మెరక నేలను జ్యూయెట్ గారు జూలియాకు చూపించి, అక్కడ మన మిషను బంగళా ఉంటే బాగుంటుంది కదా, ఆ రోజు వస్తుంది అన్న అర్థం వచ్చేలా చెప్పారు.

ఆ రోజు రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. ఆ పన్నెండేళ్లలో ఒంగోలులో మిషనెరీ లేడు, సంఘం లేదు, బంగళా లేదు. ఆ కొండను ఈ రోజుకూ మనవారు "ప్రార్థన కొండ" అంటారు. ప్రతి జనవరి 1న తెల్లవారుజామున విశ్వాసులు అక్కడ కూడుకోవడం మీకు తెలిసినదే.

ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారు. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. చీకట్లో, రాళ్లలో, చీర కొంగు బిగించుకొని కొండ ఎక్కిన ఆ ఇద్దరిని తలచుకోండి. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి బహిరంగంగా నోరు విప్పి ప్రార్థించడమే పెద్ద సంగతి. జ్యూయెట్ గారి పేరు మీద ఒంగోలులో దేవాలయం ఉంది. క్లౌ గారి పేరు మీద ఆసుపత్రి ఉంది. అందుకు దేవునికి స్తోత్రం. కానీ జూలియా, రూతు, నరసు అనే పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఎనిమిది మందితో ఒక సంఘం

1862లో మూడోసారి మిషను మూసేసే మాట వచ్చినప్పుడు జ్యూయెట్ గారు సెలవు మీద అమెరికా వెళ్లి ఉన్నారు. ఎవరు వచ్చినా రాకపోయినా తాను మళ్లీ తెలుగువారి దగ్గరకే వెళతానని గట్టిగా నిలబడ్డారు. చివరికి ఆయన వెంట జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన భార్య హ్యారియట్ బయలుదేరి 1865లో నెల్లూరు చేరారు. క్లౌ గారు అంతకుముందు భూమి కొలతల పని, ఇంజనీరింగు నేర్చుకున్నవారు. అది ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను. 1866 సెప్టెంబరులో క్లౌ కుటుంబం ఒంగోలుకు మారింది. నాగజెముడు పొదలున్న ఆ నేలలోనే మిషను బంగళా ఉంది.

1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. కొండమీద ప్రార్థన జరిగి సరిగ్గా పదమూడేళ్లు. మన ఇళ్లలో పుట్టినరోజుకు వచ్చేవారే ఎనిమిది మందికంటే ఎక్కువ ఉంటారు. చిన్న సంఘం అని, ఎవరూ రావడం లేదని దిగులుపడే మన పల్లె కాపరులకు, విశ్వాసులకు ఈ సంఖ్య ఒక ఓదార్పు.

పేరయ్య, నాగమ్మ

ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన పేరు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటగా చాలా దూరంలో ఉన్న తాళ్లకొండపాడు వాసి. మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. సత్యం కోసం ఎన్నో ఏళ్లు వెతికినవాడు. రాజయోగ గురువుల దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. తోళ్లు కొనడానికి ఉత్తరంగా గోదావరి, ఏలూరు ప్రాంతాలకు వెళ్లినప్పుడు అక్కడి మిషనెరీల నోట యేసు మాట విన్నాడు. ఆ మాట అతని హృదయంలో నాటుకుంది. ఇంటికి వచ్చి ముందుగా భార్య నాగమ్మకు చెప్పాడు. తర్వాత చుట్టాలకు, తర్వాత చుట్టుపక్కల పల్లెలకు చెప్పాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. అంతేకానీ ఎవరైనా వచ్చి పంపేదాకా ఆగలేదు, జీతం అడగలేదు.

ఎనిమిది మందితో సంఘం ఏర్పడిన నెలలోనే పేరయ్య వచ్చి క్లౌ గారిని తమ ఊరు రమ్మన్నాడు. క్లౌ గారు వెళ్లేసరికి ముప్పై, నలభై మంది స్త్రీ పురుషులు చింతచెట్ల కింద చేరారు. కొన్ని రోజులకు సరిపడా తిండి మూట కట్టుకొని వచ్చారు. యేసు గురించి ఇంకా తెలుసుకోవాలని, తెలుసుకొన్నాకే వెళతామని కూర్చున్నారు. ఐదు రోజులు బోధ జరిగింది. 1867 జనవరి 20న ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. ఎనిమిది మంది సంఘం ఒక్క నెలలో ముప్పై ఆరు అయింది.

క్లౌ గారు వెళ్లక ముందే ఆ చెట్ల కింద సంఘం ఉంది. దాన్ని పోగు చేసినవాడు సెమినరీ చూడని తోళ్ల వర్తకుడు. అతనికి తోడుగా నిలిచినది ఒక పల్లెటూరి ఇల్లాలు. ఎపైనెటు ఆసియలో మొదటి పంట అయితే, ఒంగోలు ప్రాంతంలో మొదటి పంట వీరు.

రెండు గదుల్లో ఒకే వాక్యం

ఆ రోజుల్లో క్లౌ గారికి ఒక కఠినమైన పరీక్ష వచ్చింది. ఒంగోలులో పై కులాలవారు ఆయన బడికి సంతోషంగా పిల్లలను పంపుతున్నారు. మీ బోధ బాగుంది, మేమూ ఆలోచిస్తాం అంటున్నారు. మాదిగలు విశ్వాసులవుతున్నారని తెలియగానే మాట మారింది. వారిని చేర్చుకుంటే మేము రాము అన్నారు. పై కులాలు ముందు వస్తే తర్వాత అందరూ వస్తారు కదా అన్న ఆలోచన అప్పుడు చాలామంది మిషనెరీలలో ఉండేది. క్లౌ గారు బాధతో తన గదిలోకి వెళ్లి ఒక కొత్త నిబంధన తెరిస్తే 1 కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం నుండి కనబడింది. జ్ఞానులను, బలవంతులను, గొప్ప వంశస్థులను కాదు, లోకం నీచమని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం అది. అదే సమయంలో వేరే గదిలో హ్యారియట్ గారు కూడా తనంతట తాను అదే భాగం తెరిచి చదువుతున్నారు. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు ఆ సంగతి బయటపడింది. ఇక సందేహం లేదు. పేరయ్య వంటివారికి తలుపు తెరిచారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

ఇది అద్భుతమైన సాక్ష్యమని మనం సంతోషిస్తాం. అయితే దాని భారం మోసింది ఎవరు? బడిలో పిల్లలు తగ్గడం క్లౌ గారికి జరిగిన నష్టం. విశ్వాసులకు జరిగిన నష్టం ఇంకా పెద్దది. చేరినవారికి ముఖ్యంగా మూడు కట్టడలు చెప్పేవారు: ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలు. కానీ ఆ రోజుల్లో మాదిగ కుటుంబం ఊరికి కట్టుబడి ఉండేది. పిలిచినప్పుడు వెట్టికి వెళ్లాలి, మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఆదివారం రాము, జాతరలో డప్పు కొట్టము అనేసరికి ఊరు మీద పడింది. పనులు ఇవ్వలేదు, నీళ్లకు అడ్డుపడ్డారు, సరుకులు అమ్మవద్దన్నారు. అయినా ఎంతోమంది వెనక్కి తిరగలేదు. మన తాతముత్తాతల విశ్వాసం అలాంటి ఆదివారాల మీద కట్టబడింది.

కరువులో తవ్విన కాలువ

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. వానలు లేవు, పంటలు లేవు, వెనుకనే కలరా వచ్చింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. క్లౌ గారు మూడున్నర మైళ్ల కాలువ పనికి కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయన నేర్చుకున్న కొలతల విద్య అప్పుడు పనికొచ్చింది. ఆయన బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. వేలమంది వచ్చి మట్టి తవ్వి, గంపలకెత్తి, కూలి తీసుకొని బతికారు. వేరే పనుల్లో మేస్త్రీలు తిట్టి కొట్టేవారు. ఇక్కడ మేస్త్రీలు సాయంత్రం పని ఆగాక పక్కన కూర్చొని, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు పిలుస్తున్నాడని చెప్పేవారు. మత్తయి 11వ అధ్యాయంలోని ఆ పిలుపు నెత్తిన మట్టి గంప ఉన్నవారికి ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి.

ఆ కాలంలో బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా వచ్చారు. క్లౌ గారు ఒప్పుకోలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూన్‌లో, ఇక సహాయం డబ్బు లేదు అని చెప్పి పంపించినా, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనం చేరారు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అన్నారు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. బాప్తిస్మం ఇచ్చినవారు అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు. ఒకసారికి ఇద్దరు నీళ్లలో నిలబడేవారు, వారు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. క్లౌ గారు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ సంవత్సరం చివరికి సంఖ్య 9,606 అయింది. 1880ల మొదట్లో ఒంగోలు సంఘ సభ్యులు 20 వేల దాకా చేరారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘం అని దాన్ని చెప్పుకున్నారు. తర్వాత ఆ పెద్ద సంఘం ఎన్నో చిన్న సంఘాలుగా విడిపోయింది. మన పల్లె సంఘాలకు వేర్లు అక్కడివే.

2,222 అన్న సంఖ్య మన నోటికి వచ్చేసింది. క్విజ్ పోటీల్లో పిల్లలు ఠక్కున చెబుతారు. కానీ ఆ రెండు వేల మంది ఎవరు? జూలై 4 తర్వాత ఇంటికి వెళ్లి ఏం చేశారు? పొలం ఎండిపోయింది, ఇంట్లో గింజలు లేవు. ఊరి పెద్దలు కోపంగా ఉన్నారు. అయినా వచ్చే ఆదివారం పల్లెలో ఒక చెట్టు కింద కూర్చున్నారు. ఆ మరుసటి ఆదివారం కూడా. నీళ్లలో మునగడం ఒక్క రోజు పని. నిలిచి ఉండడం జీవితకాలపు పని. సంఘం నిలిచింది ఆ రెండో పని వల్లనే.

చెప్పులు కుడుతూ చెప్పిన సాక్ష్యాలు

పేరయ్య సంగతి, అతని గురువుల సంగతి, ఆ తరం మాదిగ విశ్వాసుల సంగతి మనకు ఇంత వివరంగా ఎలా తెలిసింది? హ్యారియట్ గారు చనిపోయిన తర్వాత క్లౌ గారు వివాహం చేసుకున్న ఎమ్మా రౌషన్‌బుష్ గారు ఒక పని చేశారు. పెద్దలను అడిగి, వారి నోట వారి కథలు విని రాసుకున్నారు. 1899లో వచ్చిన ఆ పుస్తకం పేరు "వైల్ సోయింగ్ శాండల్స్", అంటే "చెప్పులు కుడుతూ" అని అర్థం. క్లౌ గారి జ్ఞాపకాలను కూడా ఆమే రాసిపెట్టారు. ఆయన 1910లో ప్రభువు సన్నిధికి వెళ్లాక 1914లో అవి పుస్తకంగా వచ్చాయి.

చదువుకున్న ఒక స్త్రీ, చెప్పులు కుట్టేవారి పక్కన కూర్చొని, మీ కథ చెప్పండి అని అడిగింది. అడిగింది కాబట్టి కొన్ని పేర్లు మనకు మిగిలాయి. అడగని చోట్ల ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మన సంఘంలో అడిగేవారు ఎవరు?

మన రిజిస్టరు తెరిస్తే

మన సంఘంలో యాభై, అరవై ఏళ్లుగా సభ్యులుగా ఉన్నవారు కొందరున్నారు. వారి పేర్లు ఇక్కడ రాయను. మీకందరికీ తెలుసు. పూరిపాకలో కిరోసిన్ లాంతరు వెలుగులో ప్రార్థన చేసిన రోజులు వారికి గుర్తు. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసిన తల్లులు వారిలో ఉన్నారు. ఆ పిడికెడు బియ్యంతోనే ఎన్నో పల్లెల్లో కాపరి కుటుంబం అన్నం తిన్నది, దేవాలయం గోడ లేచింది. చదవడం రాకపోయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఆసాంతం నోటికి వచ్చినవారు ఉన్నారు. కోత పండుగకు మొదటి ధాన్యం బస్తా మోసుకొచ్చినవారు ఉన్నారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేక, ఇంటి అరుగు మీద కూర్చొని మైకులో పాట వింటున్నారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది మాట్లాడడానికి మనం జంకుతాం. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు మాత్రమే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులైన దళితులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. అందువల్ల ఎన్నో ఇళ్లలో కాగితం మీద ఒక పేరు, దేవాలయంలో ఒక పేరు. పిల్లల చదువు, ఉద్యోగం కోసం అలా చేసినవారిని తీర్పు తీర్చడానికి ఈ మాట రాయడం లేదు. ఆ తల్లిదండ్రుల మనసులోని బరువు దేవునికి తెలుసు. అయితే పోయేది తెలిసి కూడా సంఘ రిజిస్టరులో, సర్టిఫికెట్టులో ఒకటే మాట రాయించుకున్నవారు మన మధ్య ఉన్నారు. వారి పిల్లలు ఆ ధర చెల్లించారు. పేరయ్య కాలంలో ఊరి బావి దగ్గర అడిగిన ప్రశ్నను మన కాలంలో ఆఫీసు కౌంటరు దగ్గర అడుగుతున్నారు. వారి పక్కన కూర్చొని వారి కథ విన్నవారు ఎవరు?

పట్నంలో పెద్ద పెద్ద కూటాలు జరుగుతున్నాయి. ఫోనులో రాత్రింబగళ్లు ప్రసంగాలు వస్తున్నాయి. మన యువత వాటిని చూడడంలో తప్పు లేదు. కానీ ఫోనులో ప్రసంగించేవారికి మీ పేరు తెలియదు. మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజు ఆ ఫోను మీ ఇంటికి రాదు. అరుగు మీద కూర్చున్న ఆ అవ్వకు మాత్రం మీ పేరు తెలుసు, మీ నాన్న పేరు తెలుసు, మీరు పుట్టినప్పుడు చేసిన ప్రార్థన కూడా గుర్తుంది. రూఫు తల్లిని పౌలు తన తల్లి అన్నాడు. మనకు అలాంటి తల్లులు ఇంకా బతికి ఉన్నారు. ఎంతకాలం ఉంటారో ప్రభువుకే తెలుసు.

ఈ వార్షికోత్సవానికి నాలుగు మనవులు

మొదటిది, ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి ముందే మన సంఘ రిజిస్టరులోని మొదటి పేజీ పేర్లు గట్టిగా చదువుదాం. ప్రభువునందు నిద్రించినవారి పేర్లు కూడా. ఆ కుటుంబాలవారు లేచి నిలబడండి.

రెండవది, యవ్వనస్థుల కూటమివారు ఇద్దరిద్దరుగా వెళ్లి ఇంట్లోనే ఉన్న పెద్దల సాక్ష్యాలు ఫోనులో రికార్డు చేయండి. ఎప్పుడు బాప్తిస్మం పొందారు, ఎవరు ఇచ్చారు, ఏ వాగులో, ఏ చెరువులో, ఇంట్లోవారు ఏమన్నారు, ఊరివారు ఏమన్నారు అని అడగండి. వారిని తొందరపెట్టకండి. మధ్యలో ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఆ మాటలను ఒక నోటుపుస్తకంలో రాసి దేవాలయంలో భద్రపరుద్దాం.

మూడవది, రాలేనివారికి భోజనం ఇంటికే పంపుదాం. పంపడమే కాదు, తీసుకెళ్లినవారు పక్కన కూర్చొని వారితో కలిసి తినాలి. ప్రభు బల్ల సంస్కారం ఆ మధ్యాహ్నమే వారి ఇళ్లకు నేను తీసుకువస్తాను. డీకన్లు నాతో రావాలి.

నాలుగవది, శాలువా కప్పేటట్లయితే ముందుగా వారికి కప్పుదాం. మిగిలితే మిగతావారికి.

యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను దాటిన తర్వాత పన్నెండు రాళ్లు నిలబెట్టారు. పిల్లలు ఈ రాళ్లు ఏమిటని అడుగుతారు, అప్పుడు చెప్పాలి అన్నాడు యెహోషువ. రాయి తనంతట తాను మాట్లాడదు. దాటినవాడు పక్కన ఉండి చెప్పాలి. మన సంఘంలో యొర్దాను దాటినవారు ఇంకా ఉన్నారు. పిల్లలు అడగడమే మిగిలింది.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, చీకట్లో కొండ ఎక్కిన నీ దాసుల కొరకు, పల్లె పల్లె తిరిగిన పేరయ్య, నాగమ్మల కొరకు, కరువులో గంపలు మోస్తూ నీ పిలుపు విన్న వేలమంది కొరకు నీకు స్తోత్రములు. మా సంఘంలో ఇన్నేళ్లు నిలిచిన పెద్దల కొరకు నీకు వందనములు. మేము మరచిన పేర్లు నీ జీవగ్రంథంలో ఉన్నాయి. మా పిల్లలు వారిని ఎరిగేలా, వారి విశ్వాసాన్ని వెంబడించేలా సహాయం చేయుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.